సింగిల్ లైను మాటలు

పోయిన నెలలో ఒకనాటి పొద్దున టెలిఫోను లైన్లు చూసే మనిషి ఒకాయన వికారాబాద్‌లోని మా ఇంటికి వచ్చి, మా వీధిలో రాగి తీగలు తీసేస్తున్నామనీ, వాటి బదులు ఫైబరు అనే గాజు తీగ వేస్తామనీ, పాత లైను వదులుకుంటున్నట్టు కాగితం మీద సంతకం పెట్టాలనీ చెప్పాడు. చెప్పాడని తేలిగ్గా రాశాను గానీ, ఆయన పెదవుల వంక చూసి, రెండుసార్లు అడిగి, చివరకు ఆ కాగితం తీసుకుని చదువుకుంటే గానీ నాకు సంగతి తెలియలేదు. నా చెవులు అటువంటివి. నేను చదువుతుండగా ఆయన చూపు గది మూలన ఉన్న నా పాత కంప్యూటరు మీద పడింది. దాని వెనకనుంచి గోడమీది ఫోను పెట్టెకు పోయిన వైరు వెంబడి ఆ చూపు అటూ ఇటూ నడిచింది.

ఈ డబ్బా ఇంకా నడుస్తుందా అని అడిగాడు. నడుస్తుందన్నాను. ఇంటర్నెట్టుకా అన్నాడు. కాదు, ఫోను మాట్లాడటానికి అన్నాను. అప్పుడాయన నా వంక కాక మా వదిన వంక చూశాడు. చెవులు సరిగా లేనివాళ్ళ ఇంటికి వచ్చినవాళ్ళంతా చేసే పనే అది, పక్కనున్న వినపడే మనిషి వంక చూడటం. మా వదిన గొంతు తగ్గించి, ఆమె అంతేననీ, సంతకం తాను పెట్టిస్తాననీ ఆయనకు ధైర్యం చెప్పింది. గొంతు తగ్గిస్తే నాకు తెలియదనుకుంటారు పాపం. పెదవులకు గొంతు లేదు కదా. సంతకం పెట్టనని ఇద్దరికీ కలిపి చెప్పాను. సోమవారం మళ్ళీ వస్తానని ఆయన వెళ్ళిపోయాడు. నేను ఆ బల్ల ముందు కూర్చుని, తెర మీది దుమ్ము కొంగుతో తుడుస్తూ, ఈ డబ్బా నా జీవితంలోకి వచ్చిన రోజుల్లోకి వెళ్ళిపోయాను.

మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో జ్వరం వస్తే మందుకన్నా ముందు అదే తగ్గుతుందేమోనని నాలుగు రోజులు ఆగి చూసేవాళ్ళం. ఏడో తరగతిలో నాకు వచ్చిన జ్వరం ఇరవై రోజులుండి, పోతూ పోతూ నా వినికిడిలో చాలా భాగం తనతో తీసుకుపోయింది. పూర్తి చెవుడు కాదు. పిడుగు పడితే వినపడేది, పక్కన కూర్చున్న అమ్మ పిలిస్తే వినపడేది కాదు. పంతులుగారు చెప్పే పాఠం గోడకెంతో నాకూ అంతే. పదో తరగతి పుస్తకాలు చూసి చదువుకుని గట్టెక్కాను. ఆ తర్వాత నా కాలేజీ అంతా మా ఊరి గ్రంథాలయమే. నిశ్శబ్దం పాటించమని గోడ మీద రాసి ఉన్న చోటు ఊరంతటిలో అదొక్కటే. అక్కడ అందరూ నాలాగే ఉండేవారు. ఏ వరసలో ఏ పుస్తకముంటే అది చదివాను: తేనెటీగల పెంపకం, గుండె నిర్మాణం, రైల్వే సిగ్నళ్ళు, అట్ట ఊడిపోయిన రేడియో మరమ్మతు పుస్తకం. లైబ్రరీ సారు నాతో చీటీల మీద రాసి మాట్లాడేవారు. ఇది చదివావా, అది వచ్చింది, గడువు దాటింది, ఫరవాలేదు. పదేళ్ళ పాటు ఆయన గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. డిగ్రీ ఉన్నవాళ్ళు నా ముందు డిగ్రీ సంగతి ఎత్తినప్పుడల్లా, నేను ఆ గ్రంథాలయంలో అరిగించిన బల్లను తలచుకుని తల ఎత్తుకునే ఉన్నాను. ఇప్పుడూ ఎత్తుకునే ఉన్నాను.

టైపు నేర్చుకున్నాక తాండూరులో నాపరాళ్ళ పాలిషు ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. చెవుల సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. కొలువు ఇచ్చిన రోజున మా సేటు నా ముందు ఒక ఉత్తరం పెట్టి టైపు చేయమన్నాడు, తప్పు లేకుండా చేశాను, అంతే. ఎలాగూ పక్కన రాయి కోసే మిషన్ల మోతకు ఆయన అందరితోనూ అరిచే మాట్లాడేవాడు. పొద్దున ప్యాసింజరు ఎక్కి ధారూర్ మీదుగా తాండూరు పోయి, సాయంత్రం అదే దారిన తిరిగి వచ్చేదాన్ని. అన్నకు ఇష్టం లేదు. చెవులు లేని పిల్ల రైలు పట్టాలు దాటి పోవడమేమిటని ఆయన భయం. నేను కళ్ళతో దాటేదాన్ని.

నిజం చెప్పాలంటే ఆ ఫ్యాక్టరీలో నేను పనిమంతురాలినని పేరు తెచ్చుకున్నది నా చెవుల వల్లనే. మిషను తిరుగుతుంటే ఆ షెడ్డులో ఎవరికీ ఏమీ వినపడేది కాదు. కూలీలు వేళ్ళతో కొలతలు చెప్పుకునేవారు, బండ పగిలితే అరచేయి తిరగేసి చూపేవారు, నీళ్ళు ఆగిపోతే గొంతు మీద వేలు గీసేవారు. మిగిలినవాళ్ళకు అది తిప్పలు, నాకు అది మాతృభాష. షెడ్డు ఆ చివరనుంచి మేస్త్రీ పెదవులు కదిపితే ఈ చివర కూర్చుని నేను రాసుకునేదాన్ని. సేటు చాలా కాలం అదొక విద్య అనుకున్నాడు.

మేనేజరు ఉద్యోగం మానుకున్న రోజున కష్టం మొదలైంది. ఆయన బల్ల మీది ఫోను తెచ్చి నా బల్ల మీద పెట్టారు. గుల్బర్గానుంచీ హైదరాబాదునుంచీ రాళ్ళ ఆర్డర్లన్నీ దాని మీదే వచ్చేవి. ఆ రిసీవరు చెవికి ఆనిస్తే నాకు వినపడేది, దూరంగా ఎక్కడో చీమలు నడుస్తున్నంత చప్పుడు. పైగా మోగినప్పుడు మోగిందనీ తెలియదు. కొన్నాళ్ళు రకరకాల నాటకాలాడాను. చేతికి కార్బను మసి అంటిందని పక్కనున్న అటెండరు చేతికి ఇచ్చేదాన్ని, లైను బాగాలేదు ఉత్తరం రాయండని గడగడా చెప్పి పెట్టేసేదాన్ని. ఒకనాడు ఫోను మోగి మోగి ఆగిపోయిందట, నేను దాని పక్కనే తలవంచుకుని టైపు చేస్తూనే ఉన్నానట, సేటు గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. అడిగితే ఒప్పుకోలేదు. మిషను మోత అన్నాను. ఆ రోజు కరెంటు లేదు, మిషన్లు ఆగి ఉన్నాయి. నాకా సంగతి తెలియలేదు.

ఆయన చెడ్డవాడు కాదు. నెల రోజులు చూస్తాననీ, ఆ తర్వాత ఆ కుర్చీలో తన బామ్మర్దిని కూర్చోబెట్టుకుంటాననీ, నన్ను వేరే ఎక్కడైనా చూసుకోమనీ చెప్పాడు. బామ్మర్ది ఆ మర్నాటినుంచే వచ్చి కుర్చీ కొలత చూసుకోవడం మొదలుపెట్టాడు. నా వెనకగా నడుస్తూ చప్పట్లు కొట్టి, నేను తిరగకపోతే కూలీల వంక చూసి నవ్వేవాడు. తాండూరులో ఆ కొలువు పోతే నన్ను ఇంకెవరు పెట్టుకుంటారు? ఇంట్లో కూర్చుంటే చెవిటిదాన్ని. రైలెక్కినంత కాలమే నేను ఉద్యోగస్తురాలిని.

ఆ నెలలోనే ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది. పక్క ఫ్యాక్టరీకి వచ్చిందని మా సేటు కూడా తెప్పించాడు, ఉత్తరాలు తీగ మీద పోతాయట అని. అది బిగించినవాడు లోపల మోడెం ఉందని చెప్పి, ఫోను వైరు దానికి తగిలించి, అది కీచుమని గీపెట్టి ఇంటర్నెట్టు కలిసేదాకా చూపించి వెళ్ళిపోయాడు. డబ్బాలో మిగిలిపోయిన చిన్న ఇంగ్లీషు పుస్తకాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నేను ఇంటికి తెచ్చుకుని, సెలవు రోజున గ్రంథాలయంలో డిక్షనరీ పక్కన పెట్టుకుని, రేడియో మరమ్మతు పుస్తకంలోని బొమ్మలతో పోల్చుకుంటూ మొదటి పుటనుంచీ చదివాను. నడిమధ్యలో ఒక పుట దగ్గర నా వేలు ఆగిపోయింది. ఈ మోడెం ఉత్తరాలే కాదు, గొంతు కూడా మోస్తుందట. నంబరును తెర మీద నొక్కవచ్చునట, ఎవరైనా ఫోను చేస్తే తెర మీద ఒక కిటికీ వెలుగుతుందట, మైకులో మాట్లాడి, వచ్చిన మాటను స్పీకర్లో కావలసినంత పెంచుకుని వినవచ్చునట. మోగడం వినపడనిదానికి మోగడం కనపడుతుంది! చదివిందే మూడుసార్లు చదువుకున్నాను. లైబ్రరీ సారుకు చీటీ రాసి ఆ పుట చూపిస్తే, ఆయన తన ఇంటి ఫోను నంబరు చీటీ మీద రాసి ఇచ్చారు.

తాండూరు బజారులో రేడియోల దుకాణంలో చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోను ఒకటి కొన్నాను. మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయిన వేళ తలుపు దగ్గరికి వేసి, సారు నంబరు నొక్కి, శబ్దం చివరికంటా పెంచాను. అవతల ఎవరో ఎత్తారు. సన్నని గొంతు, కాస్త బొంగురు, మాట మాటకూ నడుమ ఊపిరి తీసుకునే గొంతు నా పేరు పిలిచి, వినపడుతోందా అమ్మా అని అడిగింది. పదేళ్ళు చీటీల మీద చదివిన మనిషి గొంతు అది. లావుపాటి గొంతు అనుకునేదాన్ని నేను. వినపడుతోందని చెప్పి, ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలియక, గడువు దాటిన పుస్తకం ఒకటి నా దగ్గరే ఉందని చెప్పాను. ఫరవాలేదు అన్నారు. ఆ మాటకూ ఒక గొంతు ఉందని ఆ రోజే తెలిసింది.

అక్కడే నేను పొరపాటు పడ్డాను. జీవితమంతా నిశ్శబ్దంలో ఉద్యోగం చేసిన మనిషితో, ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా నోరు తెరవని మనిషితో మాట్లాడి చూసి, యంత్రం భేషుగ్గా ఉందనుకున్నాను. మర్నాడు సేటునూ బామ్మర్దినీ వెనక నిలబెట్టుకుని గర్వంగా హెడ్‌ఫోను తగిలించుకున్నాను. గుల్బర్గా వ్యాపారి ఫోను చేశాడు, కిటికీ వెలిగింది, నొక్కాను. ఆయన మనందరిలాంటివాడే. మన వైపు ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఊరికే ఉంటే కోపమొచ్చిందనుకుంటారు. ఆఁ అనాలి, అవునవును అనాలి, అవతలి మాట సగంలో ఉండగానే మనది మొదలుపెట్టాలి. ఆయన మాట్లాడుతుంటే మర్యాదకు నేను ఆఁ అనేదాన్ని, అంతే, ఆయన మాట తెగిపోయేది. నేను కొలత అడుగుతుంటే ఆయన దగ్గేవాడు, నా మాట తెగిపోయేది. రెండు నిమిషాలకు ఆయన విసిగిపోయి పెట్టేశాడు. లారీ నిండా రాళ్ళ ఆర్డరు అది. సేటు బయటికి పోయాడు. బామ్మర్ది మాత్రం నా ఎదుటికి వచ్చి, పెదవులు బాగా కనపడేలా నిదానంగా అన్నాడు.

"డబ్బాకు చెవులున్నయి గని, నీకు లేవు గద అక్కా."

యంత్రం పాడయిందని కాదు, ఉన్న కాస్త వినికిడీ పోయిందని నేను అనుకున్నాను. సాయంత్రం రైల్లో ఎవరి ముఖమూ చూడకుండా కూర్చున్నాను. వికారాబాద్‌లో దిగేసరికి బీదరు వైపు పోయే బండి ఆగి ఉంది, ఎదురు బండి రావాలట. మా ఊళ్ళో పుట్టినవాళ్ళకు ఇది చెప్పే పని లేదు. తాండూరు వైపు పోయే బళ్ళకు ఒక లైనూ వచ్చే బళ్ళకు ఒక లైనూ ఉన్నాయి, బీదరు వైపు ఉన్నది సింగిల్ లైను. ఇవతలి బండి పోవాలంటే అవతలి బండి వచ్చి చేరాలి. ఆ ఆగిన బండిని చూస్తూ నిలబడ్డాను. మోడెం పుస్తకంలో డిక్షనరీకి దొరకక నేను వదిలేసిన మాట ఒకటి గుర్తొచ్చింది, దాని పక్కన రెండు బాణాల బొమ్మ, ఒకసారికి ఒకటే బాణం. రైల్వే సిగ్నళ్ళ పుస్తకంలో అచ్చం అటువంటి బొమ్మే నేను చూశాను. నా చెవులు పోలేదు. మోడెంది సింగిల్ లైను. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారి మాటకు దారి ఇవ్వదు.

మర్నాడు నేనే గుల్బర్గాకు నంబరు నొక్కాను. సేటు తన బల్ల దగ్గర ఉన్నాడు, బామ్మర్ది గుమ్మంలో ఉన్నాడు, కరెంటు పోయి మిషన్లు ఆగి ఉన్నాయి, కంప్యూటరు బ్యాటరీ మీద నడుస్తోంది. ఈసారి ఆ సంగతి నేను దీపం చూసి తెలుసుకున్నాను. అంటే నేనన్న ప్రతి మాటా షెడ్డు చివరిదాకా వినపడుతుంది. అయినా అన్నాను.

"సార్, నాకు చెవులు సరిగ్గ వినపడయి. మిషన్ల వింటున్న. మీరు మాట్లాడేటప్పుడు నేను ఆఁ అనను, కోపమనుకోకుండ్రి. మీ మాట అయినంక జెప్పుండ్రి అనుండ్రి, అప్పుడు నేను మాట్లాడ్త. నాదయినంక నేను గూడ అంట. జెప్పుండ్రి."

పన్నెండేళ్ళ వయసునుంచీ ఆ మొదటి మాటను నా నోటితో నేను ఎవరికీ చెప్పుకోలేదు. ఆయన పెట్టేస్తాడనుకున్నాను. అప్పుడు హెడ్‌ఫోనులో, ఒక్క ముక్క కూడా తెగకుండా, రెండడుగుల పలకలు ఎన్ని కావాలో, అంచు ఎలా ఉండాలో, లారీ ఏ రోజు రావాలో, బడిపిల్లవాడు అప్పజెప్పినట్టు అంతా చెప్పి, చివర అదే మాటను తన కన్నడంలో అని ముగించాడు.

"హేళ్రి."

రాసుకుని, తిరిగి చదివి వినిపించి, జెప్పుండ్రి అన్నాను. సరిగ్గా ఉంది, హేళ్రి, అన్నాడు. నేను హెడ్‌ఫోను తీసి వెనక్కి తిరిగేసరికి సేటు నా వెనకే ఉన్నాడు. కాగితం చూశాడు, నా వంక చూశాడు. ఇన్నాళ్ళు ఎందుకు దాచావని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. బామ్మర్దిని లారీల దగ్గర లోడు చూసుకోమని పంపాడు. ఆ కుర్చీలో నేను ఫ్యాక్టరీ మూతపడేదాకా కూర్చున్నాను, ఎవరి దయవల్లా కాదు.

ఏడాది తిరిగేసరికి మాతో వ్యాపారం చేసేవాళ్ళందరికీ అది అలవాటైపోయింది. లారీ డ్రైవర్లు జెప్పు అనేవారు, గుల్బర్గా వైపువాళ్ళు హేళ్రి అనేవారు. ఒకసారి సేటు ఇంటావిడ ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు నన్ను పక్కకు పిలిచి, ఇంట్లో కూడా ఆయన ఒక మాట మాట్లాడి జెప్పు అని ఆగుతున్నాడని చెప్పి, చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరచి నవ్వింది గనుక నాకు మొత్తం తెలిసింది.

"ఇరవై ఏండ్లల్ల గిప్పుడు నన్ను మాట్లాడనిచ్చిండు, బిడ్డా."

ఫ్యాక్టరీ మూసేసినప్పుడు మిషన్లను ఎవరెవరో కొనుక్కుపోయారు. సేటు ఈ కంప్యూటరును లారీలో గడ్డి పరిపించి వికారాబాద్ పంపించాడు. లోపలి భాగాలు చెడితే పుస్తకం చూసి నేనే మార్చుకున్నాను. చెవిలో పెట్టుకునే మిషను కూడా ఉంది నాకు, మేనకోడలు కొనిచ్చింది. అది పెట్టుకుని సెల్‌ఫోను ఎత్తితే ఈల వేస్తుంది. సెల్లులో మెసేజీలు చదువుకుంటాను. మాట్లాడేది మాత్రం ఇందులోనే.

సోమవారం చెప్పినట్టే టెలిఫోను మనిషి వచ్చాడు. గాజు తీగ పెట్టెలో కూడా ఫోనుకు ఒక రంధ్రం ఉందన్నాడు, అయితే ఇంత పాత మోడెం దానిలో పనిచేస్తుందో లేదో తనకు తెలియదనీ, అలాంటిది ఎవరూ అడగలేదనీ అన్నాడు. నేను అడుగుతున్నానన్నాను. ముందు బిగించి చూపించాలి, మాట వినపడాలి, ఆ తర్వాతే సంతకం. వదిన ఏదో చెప్పబోయింది, నేను ముఖం తిప్పుకున్నాను. నాతో వాదించాలంటే నా ఎదుటికి రావాలి, అదొక సౌకర్యం ఉంది నాకు. ఆయన గంటసేపు తీగలతో కుస్తీ పట్టి, నా పాత వైరు కొనను కొత్త పెట్టెలో దూర్చి, ఇక మీ ఇష్టం అన్నట్టు చేతులు దులుపుకున్నాడు.

హెడ్‌ఫోను పీకి స్పీకరు పెట్టి, ఆయన కూడా వినాలని, తాండూరు నంబరు నొక్కాను. మా సేటుకు ఇప్పుడు ఎనభై దాటాయి. జీవితమంతా మిషన్ల పక్కన గడిపినందుకు ఆయన చెవులు కూడా నా దారినే వచ్చాయి. ఇంటి నిండా కొడుకులూ కోడళ్ళూ మనవలూ ఉన్నారు, అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఆయన మధ్యలో కూర్చుని అన్నిటికీ తల ఊపుతాడట. ఆ మాట ఆయనే నాకు చెప్పాడు. వెంటనే గొంతు రాకపోయేసరికి కొత్త తీగ మింగేసిందేమోనని వైరు కొన గట్టిగా నొక్కాను. తర్వాత ఆ ముసలి గొంతు గదంతా నిండింది. మోకాళ్ళ సంగతి, వాన సంగతి, కందిచేను సంగతి నింపాదిగా చెప్పుకొచ్చి, అలవాటుగా ఆగింది.

"జెప్పు, బిడ్డా."

నేను చెప్పాను. టెలిఫోను మనిషి ఏదో అనబోయి, ఎందుకో నోరు మూసుకుని, మా ఇద్దరి మాటలూ అయ్యేదాకా నిలబడ్డాడు. ఫోను పెట్టేశాక సంతకం చేశాను.

రాగి తీగ పోయిందని నాకు బెంగ లేదు, తీగలు పోతూనే ఉంటాయి. లైబ్రరీ సారు పోయారు, గుల్బర్గా ఆయన పోయాడు. ఇప్పటి ఫోనుల్లో ఎంతమందైనా ఒకేసారి మాట్లాడవచ్చు, అందరి గొంతులూ ఒకేసారి మోసే సత్తా వాటికుంది. మా ఇంట్లోనే చూస్తున్నాను, అందరూ ఒకేసారి మాట్లాడి, చెప్పాల్సింది చెప్పేశామని లేచిపోతారు. నా నంబరు మాత్రం ఇంకా సింగిల్ లైనే. చేసేవాళ్ళు తమ మాట అయ్యాక జెప్పు అనాలి, అనేదాకా నేను నోరు విప్పను. మొండిదాన్నని వదిన అంటుంది. అననివ్వండి. ఎదుటివారు నా మాటకోసం ఆగే ఆ కాస్త ఖాళీ కోసం నేను ఒకప్పుడు షెడ్డు నిండా జనం వింటుండగా నా చెవుడును ఒప్పుకున్నాను. అంత చేసి సంపాదించుకున్నదాన్ని ఇప్పుడు ఊరికే వదులుకోను.

మొన్న తెర మీద కిటికీ వెలిగింది. లైను ఎలా ఉందో కనుక్కోవడానికి ఆ టెలిఫోను మనిషే చేశాడు. అడగాల్సింది అడిగి ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. చాలాసేపు ఇద్దరి మధ్యా ఖాళీ లైను ఉంది. తర్వాత ఆయనకు గుర్తొచ్చినట్టుంది.

"జెప్పుండ్రి, మేడం."